గాజుదారుల కూడలి

పూర్వము మన పల్లెలలో పొలముగట్టు విషయమై తగవు పుట్టినపుడు, గట్టు ఎక్కడ నున్నదో కంటితో చూచి తేల్చుటకంటె, కరణముగారి దస్త్రపుమూట విప్పించి సర్వే నంబరు పేర ఏమి వ్రాసియున్నదో చదివించుటయే పెద్దలకు ఎక్కువ నమ్మకముగా నుండెడిది. నేలమీది గట్టు జరుగవచ్చును. వరద దానిని కోసికొని పోవచ్చును. పొరుగురైతు ఏటేట ఒక నాగటిచాలు చొప్పున దానిని తనవైపు కలుపుకొనవచ్చును. లెక్కలోని సంఖ్య మాత్రము జరుగదు. ఉన్నది ఒకటియు, వ్రాసినది మఱియొకటియు నైనపుడు వ్రాతయే ప్రమాణమను ఈ నియమము ఎంత మొండిదిగా తోచినను, వేలకొలది కమతముల పొందికను తరతరములు నిలిపినది అదియే.

బ్యాంకులకును, బీమా సంస్థలకును, విమానయాన సంస్థలకును నేటికిని లెక్కలు చూచుచున్న మెయిన్‌ఫ్రేమను మహాగణకయంత్రము సరిగా ఇట్టి కరణపు స్వభావము గలది. తనకు తగిలించిన పరికరములు ఏవేవి, ఏ దారిన పోయిన ఏది దొరకును అను సంగతులను అది ఊరంతయు తిరిగి విచారించి తెలిసికొనదు. మనుష్యులు ముందే వ్రాసి యిచ్చిన పట్టికను చదువును, చదివినదానిని నమ్మును. ఆ యంత్రమునకును, దాని నిల్వసాధనములకును నడుమ నిలిచి, గాజుపోగులలో వచ్చు సందేశములను ఒక దారినుండి వేఱొక దారికి మరలించు స్విచ్చిని ఈ కరణమునకు సమ్మతమగునట్లు అమర్చుట ఎట్లన్నదే ఈ యధ్యాయమునందలి విషయము.

రాగినుండి గాజునకు

మెయిన్‌ఫ్రేముల వంశచరిత్రలో 1964 ఏప్రిల్ 7 ముఖ్యమైన దినము. ఆనాడు ఐ.బి.ఎం. సంస్థ సిస్టమ్ 360 అను గణకకుటుంబమును ప్రకటించెను. 1950ల చివరి సంవత్సరములలో ఆ సంస్థవారి 709 యంత్రమున మొలకెత్తిన యూహ యొకటి ఇందులో నిండురూపము దాల్చినది: గణనము చేయు ప్రధానభాగము తిరుగుచున్న డిస్కుకొఱకును, చుట్టుకొనుచున్న టేపుకొఱకును పనిమాని కాచుకొని కూర్చుండరాదు, ఆ రాకపోకల భారమును ఛానెలను వేఱొక చిన్నయంత్రమునకు అప్పగించి తన గణనమును తాను సాగించుకొనవలెను. ఇంటి యజమాని సంతకు పోవు పాలేరు చేతికి కొనవలసిన సరకుల చీటీ నిచ్చి తన పనిలో తాను మునిగినట్లు, ప్రధానభాగము ఛానెలునకు ఆజ్ఞల వరుస నొకదానిని ఇచ్చి మరలిపోవును; ఛానెలు ఆ యాజ్ఞలను డిస్కులకు పెద్దయైన కంట్రోల్ యూనిట్‌నకు వినిపించి, పని ముగిసిన పిమ్మట మాత్రమే వచ్చి చెప్పును.

గత శతాబ్దపు చివరి పదేండ్లలో హైదరాబాదు అమీరుపేటలోని శిక్షణాలయములలో కోబాలు, జె.సి.ఎల్. అను గణకభాషలు నేర్చి, రెండువేల సంవత్సరపు తేదీల చిక్కు విప్పుటకై సముద్రములు దాటిన తెలుగు యువకులకు మెయిన్‌ఫ్రేమను పేరు కొత్తకాదు. అయితే వారు వ్రాసిన జె.సి.ఎల్. పంక్తులలో దత్తాంశపు పేరుండునుగాని అది చేరు దారి పేరుండదు. తమ పంక్తికి బదులుగా ఏ ఛానెలు మేల్కొన్నదో, ఏ గాజుపోగు వెలిగినదో, ఏ కూడలిలో ఏ మలుపు తిరిగినదో వారికి తెలియనక్కఱలేకపోవుటయే ఆ యేర్పాటు ప్రయోజకత్వమునకు నిదర్శనము. మనము మాత్రము ఈ యధ్యాయమున నేల క్రిందికి దిగి ఆ దారినే చూడవలసియున్నది.

మొదటి యిరువదియైదేండ్లు ఆ దారి రాగిది. బస్సనియు, ట్యాగనియు పిలువబడు రెండేసి లావుపాటి కేబుళ్లు యంత్రశాల నేలపలకల క్రింద కొండచిలువలవలె పడియుండి, ఒక పరికరమునుండి మఱియొకదానికి వరుసగా ప్రాకుచుండెడివి. వానిలో ఒక బైటునందలి బిట్లన్నియు వేఱువేఱు తీగలమీద ఒక్కసారిగా బయలుదేరును. కాని ఒకేమారు కాలు కదిపిన పందెపుటెడ్లన్నియు ఒకేమారు గమ్యము చేరనట్లు, దూరము పెరిగినకొలది ఆ బిట్లు ఒకదానికొకటి వెనుకబడుటచేత, 400 అడుగులు దాటిన దారికి నమ్మకము లేకుండెను. కావున డిస్కులన్నియు గణకయంత్రము కొంగు పట్టుకొనియే బ్రతుకవలసివచ్చెను.

ఈ బంధమును త్రెంచినది గాజు. 1966లో చార్లెస్ కావ్, జార్జ్ హాకమ్ అను నిరువురు, గాజులోని మలినములను తొలగింపగలిగినచో వెలుగు కిలోమీటరు నడచిన పిమ్మటకూడ నూటిలో ఒక పాలైన మిగులుననియు, వార్తాప్రసారమునకు అది చాలుననియు వాదించిరి; 1970లో కార్నింగ్ సంస్థ శాస్త్రజ్ఞులు అట్టి పోగును తీసి చూపిరి; నేటి పోగులో కిలోమీటరు దాటిన వెలుగు నూటికి తొంబదిపాళ్లకు పైగానే మిగులును. 1990 సెప్టెంబరులో ఐ.బి.ఎం. ప్రకటించిన ఎస్కాన్ విధానమున రాగికొండచిలువల స్థానమును ఈ సన్నని పోగులు ఆక్రమించెను. బిట్లు ప్రక్కప్రక్కన గాక ఒకదానివెనుక నొకటిగా నడచుటచే వెనుకబడుటయను దోషము తొలగి, దూరము 400 అడుగులనుండి 3 కిలోమీటర్లకును, లేజరు కాంతితో 20 కిలోమీటర్లకును పెరిగెను.

ఎస్కాన్‌తోపాటు పుట్టినదే డైరెక్టరను కూడలిపెట్టె, అనగా మన స్విచ్చి. ప్రతి ఛానెలునుండి ప్రతి కంట్రోల్ యూనిట్‌నకు వేఱువేఱుగా పోగులు లాగుటకు బదులుగా, అన్నిటిని ఒకచోటికి తెచ్చి అచ్చట కలుపుట దీని పని. ఎస్కాన్ డైరెక్టరు పాతకాలపు టెలిఫోను ఎక్స్ఛేంజివంటిది. ఇరువురు మాటాడుచున్నంతసేపు ఆ దారి వారికే చెందును. 1998లో సిస్టమ్ 390 యంత్రముల యైదవతరముతో ప్రకటింపబడిన ఫైకాన్ తపాలావంటిది. సందేశములు ఫ్రేములను చిన్నచిన్న ఉత్తరములుగా విడి, పలువురివి కలిసి ఒకే దారిన పోవును. సెకనుకు 17 మెగాబైట్లు మోసిన ఎస్కాన్ తరువాత ఫైకాన్ ఒక గిగాబిట్‌తో నారంభించి 2, 4, 8, 16 గిగాబిట్ల మెట్లెక్కి, 2022లో వచ్చిన జెడ్16 యంత్రముతో 32 గిగాబిట్లకు చేరినది.

పేరు పట్టి వెదకువారు, తలుపు పట్టి తట్టువారు

ఫైకాన్ తనకై వేఱొక రహదారిని నిర్మించుకొనలేదు. 1994లో అమెరికా ప్రమాణసంస్థ ఆమోదము పొంది, యూనిక్సు, విండోసు గణకముల నిల్వజాలములలో వ్యాపించిన ఫైబర్ ఛానెల్ అను రహదారిమీదనే అది తన పాతభాషను మాటాడుచు నడచును. అందుచేత బ్రోకేడ్, సిస్కో మొదలగు సంస్థల డైరెక్టరు ఒక్కటియే రెండు తెగల యంత్రములకును పనికివచ్చును. చిక్కంతయు ఇచ్చటనే పుట్టును. దారి యొక్కటియైనను, ఆ దారిన నడచువారి సంప్రదాయములు రెండు.

ఫైబర్ ఛానెల్‌లోని ప్రతి పరికరమునకు పుట్టుకతో వచ్చిన ఎనిమిది బైట్ల విశ్వనామమొకటి కలదు. అది మనుష్యునకు ఇంటిపేరుతో కూడిన నామధేయమువంటిది. యూనిక్సు సంప్రదాయపు గణకము జాలములోనికి రాగానే స్విచ్చిలోని నామసేవకుని సమీపించి, ఫలానివాడు ఎచ్చట నున్నాడని యడుగును; అతడు ఇల్లు మారినను, అనగా అతని కేబులును ఒక పోర్టునుండి తీసి మఱియొక పోర్టునకు తగిలించినను, సేవకుడు కొత్త తావును చెప్పును, పని సాగును.

మెయిన్‌ఫ్రేము అట్లు అడుగదు. దాని పట్టికలో ఫలాని కంట్రోల్ యూనిట్ ఫలాని తలుపున నుండునని వ్రాసియున్నది. అది నేరుగా ఆ తలుపునే తట్టును. లోపలివాడు ఇల్లు మారినచో పలుకువారుండరు; మారినవాని యింట మఱియొకడు దిగినచో పలుకువాడు పరాయివాడగును. ఒక్క కేబులును ప్రక్కపోర్టునకు మార్చిన చిన్నచేత, ఒక సంప్రదాయమునకు గమనింపదగనిదియు, మఱియొక సంప్రదాయమునకు దారి తెగుటయు నగును. స్విచ్చిని మెయిన్‌ఫ్రేమునకు తగినట్లు అమర్చుట యనగా, సౌకర్యముకొఱకు తలుపుల సంఖ్యలను మార్చుకొనుటకు అలవాటుపడిన ఊరిలో, ఏ సంఖ్యయు మారదని మాట యిప్పించుట.

మూడు బైట్ల చిరునామా

ఫైబర్ ఛానెల్‌లో చిరునామా 24 బిట్లది, అనగా మూడు బైట్లది. మొదటి బైటు డొమైను. ఇది ఏ స్విచ్చియో చెప్పును గావున ఊరిపేరు వంటిది. రెండవ బైటు ఆ స్విచ్చిలోని పోర్టును చెప్పును. ఇది తలుపు సంఖ్య. మూడవది మనకు కావలసినంతవరకు ఎల్లచోట్ల నొకే తీరున నుండవలసిన తోక. మెయిన్‌ఫ్రేము పట్టికలో మొదటి రెండింటినే వ్రాయుదురు. తోకను ఛానెలు స్విచ్చినుండి తన కబ్బిన చిరునామాను చూచి తానే చేర్చుకొనును. కావుననే స్విచ్చిలో చిరునామాల నిచ్చు పద్ధతిని ముందుగా సరిచేసి, పోర్టులన్నిటి తోకలు ఒక్కటిగా నుండునట్లు చూడవలెను. లేనియెడల పట్టికలోని రెండు బైట్లు నిర్దోషములైనను ఉత్తరము వేఱొక యింటికి పోవును.

ఊరంతటికి స్విచ్చి యొక్కటియే యున్నపుడు తలుపు సంఖ్యను మాత్రము ఒక బైటుతో వ్రాసినను చాలును. ఛానెలు అది తన యూరిలోని తలుపేయని గ్రహించును. రెండు స్విచ్చులు ఒకదానికొకటి కలిసి, ఛానెలు ఒక యూరను, కంట్రోల్ యూనిట్ పొరుగూరను ఉన్నపుడు ఊరిపేరుకూడ వ్రాయక తప్పదు.

ఒక యుదాహరణము తీసికొందము. ఒక బ్యాంకునకు నగరమున నొక యంత్రశాలయు, ప్రమాదకాలమున ఆదుకొనుటకై 20 కిలోమీటర్ల దూరమున మఱియొక యంత్రశాలయు కలవనుకొందము. నగరపు స్విచ్చి డొమైను పది. దూరపు స్విచ్చి డొమైను పదునొకటి. దూరపు స్విచ్చిలో ఇరువదియెనిమిదవ చిరునామాగల తలుపున డిస్కుల కంట్రోల్ యూనిట్ ఉన్నది. పట్టికలో పదునొకటి, ఇరువదియెనిమిది అని వ్రాసిన సరిపోవుననుట సహజమేగాని, మెయిన్‌ఫ్రేము పట్టిక మన దశాంశపద్ధతిలో చదువబడదు. పదునారు గుర్తుల పద్ధతిలో చదువబడును. ఆ పద్ధతిలో తొమ్మిది తరువాత పదికి ఏ, పదునొకటికి బి, పండ్రెండునకు సి, ఇట్లు పదునైదునకు ఎఫ్ అను గుర్తులు వచ్చును. పదునొకటి 0బి యగును; ఇరువదియెనిమిది, ఒక పదునారును పండ్రెండును గావున, 1సి యగును. రెండును కలిపి 0బి1సి యని వ్రాయవలెను.

స్విచ్చి తెరమీద డొమైను సంఖ్య దశాంశములో చూపబడుటయు, పట్టికలో పదునారు పద్ధతి యుండుటయు పెక్కు తప్పులకు మూలము. తెరమీద 11 అని చూచి, పట్టికలోను 11 అనియే వ్రాసినవాడు తనకు తెలియకయే పదునేడవ డొమైనును పేర్కొన్నవాడగును. మెయిన్‌ఫ్రేము ఆ లేని యూరికి ఉత్తరము వ్రాసి, జవాబు రాలేదని నిజాయితీగా ఫిర్యాదు చేయును. పోర్టు విషయమునను ఇట్టి యుచ్చు కలదు: పెట్టెముఖమున ముద్రించిన క్రమసంఖ్యయు, ఆ పోర్టు చిరునామాయు ఎల్లప్పుడు ఒక్కటి కావు. పనితెలిసినవారు ప్రతి పోర్టునకు ముద్రితసంఖ్య, చిరునామా దశాంశరూపము, పదునారు రూపము అను మూడు గడులు గీసిన కాగితమొకటి ముందే సిద్ధపఱచుకొని, స్విచ్చి తాళము తీయుట ఆ తరువాతనే చేయుదురు.

పట్టుదలగల పేరు

సామాన్యజాలములో స్విచ్చులు మేల్కొనగానే తమలో నొకరిని పెద్దగా నెన్నుకొనును. ఆ పెద్ద మిగిలినవారికి డొమైను సంఖ్యలను పంచును. ఒక సంఖ్యను ఇరువురు కోరినచో ఒకరికి వేఱొకటి యిచ్చి తగవు తీర్చును. విద్యుత్తు పోయి వచ్చిన రాత్రి పదునొకటవ స్విచ్చి పండ్రెండవదిగా లేచినను యూనిక్సు గణకములకు కొఱతలేదు, నామసేవకుడు ఉన్నాడు. మెయిన్‌ఫ్రేమునకో, ఊరిపేరే మారిపోయినది.

అందుచేత ప్రతి స్విచ్చికిని డొమైను సంఖ్యను మనమే నిర్ణయించి, ఆ సంఖ్యయే కావలెనను పట్టుదలను దానికి నేర్పవలెను. అట్లు నేర్చిన స్విచ్చి, తాను కోరిన సంఖ్య దొరకనిచో, వేఱొక పేరుతో జాలమున చేరుటకంటె చేరకుండ బయటనే యుండుట మేలని భావించును. ఇది మొండితనముగా తోచును. కాని ఆలోచించినచో, దారి లేకుండుట తప్పుదారి యుండుటకంటె మేలన్న వివేకము ఇందులో నిమిడియున్నది. లేని దారిని యంత్రము వెంటనే గుర్తించి రెండవదారిన పోగలదు, తప్పుదారిని గుర్తించుట అంత సులభము కాదు. డొమైను సంఖ్యను మార్చుటకు స్విచ్చిని కొంతసేపు పనినుండి తప్పింపవలసియుండును గనుక, ఈ కార్యము కేబుళ్లేవియు తగులకముందే ముగియవలెను.

పేరు స్థిరమైనంతమాత్రమున చాలదు. ఊరిలోనికి ఎవరు రావచ్చునో కూడ నిర్ణయింపవలెను. ఎవరో ఒక స్విచ్చిని తెచ్చి ఖాళీపోర్టునకు తగిలించుటచే రెండు జాలములు కలిసిపోవు ప్రమాదమును నివారించుటకై, జాలమున నుండదగిన స్విచ్చుల విశ్వనామములను, వాని డొమైను సంఖ్యలను ఒక జాబితాగా వ్రాసి, ప్రతి స్విచ్చియందును ఆ జాబితా అక్షరాల ఒక్కటిగా నుండునట్లు బంధింపవలెను. ఈ బంధనమును మెయిన్‌ఫ్రేము మన మాటమీద నమ్మి ఊరకుండదు. రెండు బైట్ల చిరునామాతో బయలుదేరు ఛానెలు స్విచ్చికి తగులగానే, నీ జాలము బంధింపబడినదా, నీ పేరు పట్టుదలగలదా యని స్వయముగా ప్రశ్నించును. లేదని బదులు వచ్చినచో, ఈ కలయిక చెల్లదని ప్రకటించి అచ్చటనే యాగిపోవును. నగరపు స్విచ్చి, దూరపు స్విచ్చి రెండును వెలుగుచు, కేబుళ్లన్నియు సరిగా నుండియు, డిస్కు మాత్రము కనబడకపోవుటకు ఈ యొక్క బదులు కారణమగుట కలదు.

బదులు సరియైనదైన పిమ్మట వరుసగా తక్కిన మర్యాదలు జరుగును: ఛానెలు జాలమున ప్రవేశించును; కంట్రోల్ యూనిట్‌ను పలుకరించును; ఇరువురును తమ తయారీదారును, వరుససంఖ్యను చెప్పుకొందురు; తుదకు తర్కదారియను ఒడంబడిక కుదురును. ఇవన్నియు రెప్పపాటులో ముగియును. అయినను ఏ మెట్టువద్ద పని నిలిచినదో తెలిసినచో, తప్పు గాజులోనో, స్విచ్చిలోనో, పట్టికలోనో అను సంగతి సగము తేలినట్లే.

వరుస తప్పని నడక

రెండు స్విచ్చుల నడుమ ఒకటికంటె ఎక్కువ పోగులున్నపుడు, భారమును అన్నిటిమీద సమముగా పంచుట సామాన్యజాలమున మెచ్చదగిన తెలివి. ఒక్కొక్క లావాదేవిని ఒక్కొక్క పోగుమీద పంపుచు, ఒక పోగు తెగినచో క్షణములో రెండవదానికి మరలుట దానికి వాడుక. ఇట్టి చురుకుదనమున ముందు బయలుదేరిన ఫ్రేము వెనుక చేరు నవకాశము కలదు. ఫైకాన్ భాషలోనైతే ఆజ్ఞల వరుసయే అర్థమునకు ప్రాణము. వరుస తప్పిన ఫ్రేము వచ్చినచో పని చెడినట్లే యెంచి మరల మొదటినుండి చేయవలసివచ్చును. కావున చాలకాలము మెయిన్‌ఫ్రేము స్విచ్చులలో, ఏ పోర్టున ప్రవేశించినవాడు ఏ పోగుమీద పోవలెనో ముందే కట్టివేసి, నడుమ మార్పులేకుండ చేయుటయు, ఫ్రేములను వచ్చిన వరుసనే అందజేయవలెనని శాసించుటయు ఆచారముగా నుండెను. దీనివలన ఒక పోగు క్రిక్కిరిసి ప్రక్కపోగు ఖాళీగా నుండు వింతయు అప్పుడప్పుడు కానవచ్చెడిది. 2015లో వచ్చిన జెడ్13 యంత్రముతో, లావాదేవికొక దారి యను పద్ధతిని మెయిన్‌ఫ్రేముకూడ అంగీకరించెను. కాని ఛానెళ్లును, స్విచ్చులును, కంట్రోల్ యూనిట్లును, అన్నియు దానికి సమ్మతించినవైననే ఆ పద్ధతిని పెట్టవలెను. ఒక్కటి వెనుకబడినను పాతయాచారమే శరణ్యము.

తిరిగివచ్చు గోళములు

ఒంటిలైను రైలుమార్గములలో, స్టేషను మాస్టరు వెదురువలయమునకు కట్టిన సంచిలో ఒక గోళమునుంచి ఇంజను డ్రైవరు చేతి కందించు దృశ్యమును పాతతరమువారు చూచియుందురు. ఆ గోళము చేతికి రానిదే బండి కదలరాదు. అది ముందరి స్టేషనులో తిరిగి యంత్రమున పడనిదే రెండవ బండికి అనుమతి లేదు. గాజుదారులలోను ఇట్టి ఏర్పాటే కలదు. దానికి బఫరు క్రెడిట్లని పేరు. అవతలి పోర్టున ఫ్రేములు నిలుచుటకు ఎన్ని గదులు ఖాళీగా నున్నవో అన్ని గోళములు ఇవతలి పోర్టు చేతిలో నుండును. ఒక ఫ్రేము బయలుదేరిన నొక గోళము తగ్గును. అవతల గది ఖాళీయైనట్లు కబురు వచ్చిన నొకటి పెరుగును. గోళములు లేనిచో, దారి ఎంత ఖాళీగా నున్నను, పంపువాడు చేతులు కట్టుకొని నిలువవలసినదే. ఈ జాగ్రత్తవలననే చోటు లేక ఫ్రేమును పాఱవేయుటయను మాట ఈ జాలములలో వినబడదు.

గోళములెన్ని కావలెనను ప్రశ్నకు జవాబును సామాన్యగణితము చెప్పును. గాజులో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోవును, అనగా కిలోమీటరునకు 5 మైక్రోసెకండ్లు. ఫ్రేము పోయి కబురు తిరిగివచ్చుటకు 10. నిండుఫ్రేము 2,148 బైట్లది. 2 గిగాబిట్ల దారిమీద దానిని పంపుటకు ఇంచుమించు 10 మైక్రోసెకండ్లే పట్టును గనుక కిలోమీటరునకు ఒక గోళము చాలును. వేగము 8 గిగాబిట్లయిన అంతసేపటిలో నాలుగు ఫ్రేములు పోవును, కావున నాలుగు గోళములు. 16 గిగాబిట్లకు ఎనిమిది. మన బ్యాంకు యుదాహరణమున 20 కిలోమీటర్లకు 8 గిగాబిట్ల దారిమీద 80 కావలెను. అయితే ఈ లెక్క నిండుఫ్రేములకు మాత్రమే సరి. ఫైకాన్ సంభాషణములో ఆజ్ఞలు, అంగీకారములు మున్నగు చిన్నయుత్తరములు మెండు. చిన్న ఉత్తరమైనను ఒక గదిని నిండుగా నాక్రమించును. సగటు ఫ్రేము సగమే నిండినచో గోళములు రెట్టింపై 160 కావలసియుండును. దూరమును మాత్రమే కొలిచి, ఉత్తరముల పరిమాణమును కొలువనివాడు, కొత్తగా పఱచిన దారిమీద పని యేల మందగించినదో తెలియక తికమకపడును.

స్విచ్చిలోని గుమస్తా

ఈ స్విచ్చులలో మెయిన్‌ఫ్రేమునకు మాత్రమే అగపడు విశేషమొకటి కలదు. 254వ చిరునామాలో, అనగా పదునారు పద్ధతిలో ఎఫ్‌ఈ అను తలుపున, ఏ కేబులును తగులదు; అచ్చట స్విచ్చియే ఒక కంట్రోల్ యూనిట్ వేషమున కూర్చుండియుండును. దీనిని వాడుకలో కప్ అందురు. డిస్కుతో మాటాడినట్లే మెయిన్‌ఫ్రేము దీనితోను మాటాడి, ఏ పోర్టు తెరచియున్నది, ఏది మూసియున్నది అని యడుగగలదు, కావలసినదానిని మూయింపగలదు. గోళములు లేక ఫ్రేములు సగటున ఎంతసేపు నిలిచినవో చెప్పు లెక్కయు ఈ తలుపునుండియే వచ్చి, ఆర్.ఎం.ఎఫ్. అను కొలతల నివేదికలో నొక నిలువుగడిగా కనబడును. ఆ గడిలో సున్నయుండుట ఆరోగ్యలక్షణము.

ఎవరితో ఎవరు మాటాడరాదో నిర్ణయించుటకు రెండు సాధనములు కలవు. ఎస్కాన్ కాలమునుండి వచ్చిన నిషేధపట్టిక పోర్టును పోర్టుతో జతపఱచి ఔను, కాదు అని చెప్పును. ఫైబర్ ఛానెల్ తెచ్చిన జోనులు ఒక్కొక్క గుంపునకు గోడ కట్టును. రెండును ఉన్నచోట కఠినమైనదే చెల్లును; రెండింటను అనుమతి యున్ననే దారి తెరచియుండును. మెయిన్‌ఫ్రేము పోర్టులన్నిటిని ఒకే జోనులో నుంచి, యూనిక్సువారిని వేఱొక తర్కస్విచ్చిగా విభజించుట పెక్కుచోట్ల అనుసరించు పద్ధతి. ఒకే యింటిలో నున్నను రెండు కుటుంబముల పొయ్యిలు వేఱైనట్లు, ఒకరి మార్పులు ఒకరికి తగులవు.

మఱియొక చిన్న మీట గలదు. చిన్నదైనను దానిని మరచినవారికి తెలియును దాని విలువ. నడుచుచున్న అమర్పులో మార్పు చేసినప్పుడే దానిని శాశ్వతపు ప్రతిలో కూడ వ్రాసికొనుమని స్విచ్చికి చెప్పు మీట యది. దానిని వేయనిచో, పగలు ఎంతో శ్రద్ధతో మూసిన పోర్టులు, తెరచిన పోర్టులు, విద్యుత్తు పోయివచ్చిన రాత్రి తమ పూర్వస్థితిని స్మరించుకొనును.

జమాబందీ

ఇప్పుడు అంతయు సిద్ధమైనది. తోకలు ఒక్కటియైనవి, పేర్లు పట్టుదల పొందినవి, జాబితాలు బంధింపబడినవి, గోళములు లెక్కింపబడినవి. మిగిలినది కేబుళ్లను తగిలించుట. వెలుగు నడచు గర్భము 9 మైక్రాన్ల వెడల్పుది. దానిమీద వ్రాలిన ధూళికణమొకటి, మన కంటికి కానరానిదైనను, దారికడ్డముగా పడిన బండరాయివంటిదే. కావున ప్రతి మొనను సూక్ష్మదర్శినితో చూచి, తుడిచి, మరల చూచి తగిలింపవలెను. ఇంత తర్కమునకును తుదిలో నిలిచినది గుడ్డతో తుడుచు పనియగుట ముచ్చటయైన విషయము.

కొత్త యంత్రములు ఈ కరణపు స్వభావమును కొంత సడలించుకొన్నవి. 2010నుండి మెయిన్‌ఫ్రేము, మనము కోరినచో, జాలమును కలయజూచి, వ్రాయదగిన పంక్తులను తానే సూచింపగలదు. అయినను సూచనను చదివి, ఔనని యొప్పుకొని పట్టికలో చేర్చువాడు మనుష్యుడే. చేర్చువఱకు ఆ పరికరము ఎదుటనున్నను లేనిదే.

మన రెవెన్యూ లెక్కలలో సంవత్సరమునకొకమారు జమాబందీ జరుగుచుండెడిది; గ్రామపు లెక్కలన్నిటిని పైయధికారి యెదుట విప్పి సరిచూచుట దాని యుద్దేశ్యము. దానికి ముందే పొలములోనికి పోయి పైరును కంట చూచు అజమాయిషీ జరిగియుండవలెను. వ్రాతయే ప్రమాణమన్న వ్యవస్థ నిలిచినది వ్రాతవలన మాత్రమే కాదు. ఆ వ్రాతను నేలతో పోల్చిచూచు ఈ యలవాటువలన. స్విచ్చి యమర్చు ఇంజనీరుకూడ, పట్టికలో ఒకటియు, స్విచ్చిలో ఒకటియుగా రెండుచోట్ల ఒకే సత్యమును వ్రాసి ముగించిన తరువాత, తన మూడుగడుల కాగితముతో పెట్టెముందు నిలుచును. ప్రతి పరికరమునకు రెండవదారి యున్నదని నిశ్చయించుకొని, వ్యవహారములు మొదలుగాని వేళ, ఒక కేబులును మెల్లగా లాగును. తెరమీద ఏ దారి పోయినట్లు వార్త వచ్చునో చూచి, కాగితముమీది గడితో పోల్చి, సరియైనదని గీత పెట్టి, కేబులును మరల తగిలించి రెండవదానికి పోవును. అన్ని గడులలోను గీతలు పడువఱకు ఆ రాత్రి అతనికి అజమాయిషీయే.

తెల్లవారి ఎవరో ఒకరు బ్యాంకులో తన నిల్వయెంతయని యడుగును. ఆ ప్రశ్న నగరపు స్విచ్చిలో ప్రవేశించి, 20 కిలోమీటర్ల గాజు నడచి, 0బి1సి అను తలుపును తట్టును. లోపల, వ్రాసిపెట్టినవాడే పలుకును.